మూసి తెరిచి చూడమ్మా

"మీ చుట్టం వచ్చారు," అంది రిసెప్షనిస్టు.

ప్రోగ్రామర్ తల పట్టుకుంది. వరుసగా ఇది ఆరోరోజు.

మాత్రలు గుర్తుచేసే మొబైల్ యాప్ ఆమే రాసింది. మాత్ర వేసుకుని బటన్ నొక్కితే టిక్కు పడుతుంది, ఫోన్ ఇక అడగదు. టిక్కు పడ్డాక కూడా మళ్ళీ అడుగుతోందని రోజూ వచ్చే ఈ ముసలాయన ఫిర్యాదు. భార్య కోసం తిరుగుతున్నాడు పాపం, అనుకునేవాళ్ళు ఆఫీసులో.

"యాప్ మూసి, తెరిచి చూడమ్మా," అన్నాడాయన, పసుపు కవరున్న ఫోన్ చాపుతూ. "అది మళ్ళీ అడిగితే పెద్దవాళ్ళు మళ్ళీ వేసేసుకుంటారు."

ఆమె దాన్ని ముట్టుకోలేదు. తన టెస్టింగ్ ఫోన్ చూపించింది. బల్ల మీద చార్జింగులో పడి ఉండే ఆ ఫోన్లో రోజంతా యాప్ తెరిచే ఉంటుంది. టిక్కు నిక్షేపంలా ఉంది.

"ఇక్కడ బాగానే ఉంది కదండీ. మరిచిపోతున్నది ఫోన్ కాదు, మీరేమో."

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"అయ్యుండొచ్చమ్మా," అని ఆయన ఒక కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. యాప్ మూసినప్పుడల్లా ఏమైందో తేదీలతో సహా రాసి, అడుగున ఫోన్ నంబర్ వేశాడు. ఆమె దాన్ని కీబోర్డు కిందికి తోసేసింది.

మర్నాడు ఆయన రాలేదు. జోరీగ వదిలిందని అందరూ నవ్వుకున్నారు. ఆమె కాస్త ఎక్కువే నవ్వింది.

నెల తిరిగాక అదే ఫిర్యాదు మరో ముగ్గురి నుంచి వచ్చింది. అప్పుడు మూసి తెరిచింది. టిక్కు లేదు.

రెండు గంటలు ఎక్కడెక్కడో వెతికింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. తప్పు బటన్ నొక్కగానే నడిచే కోడ్ ముక్కలో, ఆ ఫంక్షన్లోనే ఉంది. మాత్ర సంగతి గుర్తుంచుకోవాల్సిన వేరియబుల్‌ను ఆమె ఫంక్షన్ లోపల మళ్ళీ కొత్తగా ప్రకటించింది. ఫంక్షన్ ముగియగానే అది పోతుంది, బయట అదే పేరుతో ఉన్న అసలుది ఖాళీగానే మిగిలిపోతుంది. తెర మీద టిక్కు పడుతుంది గానీ, యాప్ మూసేటప్పుడు ఫోన్ దాచుకునేది ఆ ఖాళీదాన్నే. కొత్తగా ప్రకటించే ఆ ఒక్క పదం తీసేస్తే సరిపోయింది.

సిగ్గుపడుతూ ఆ కాగితం వెతికి ఫోన్ చేసింది. ఆయన కూతురు ఎత్తి, నాన్న పోయి పది రోజులైందని చెప్పింది.

ప్రోగ్రామర్ ఆ కాగితాన్ని బల్ల మీద సాపు చేసింది. చివరికి ఎలాగో అంది.

"మీ అమ్మగారికైనా చెప్పండి. ఇక ఫోన్ రెండోసారి అడగదు."

కూతురు ఆమెను ఆపింది.

"ఆ పసుపు కవరు ఫోన్ అమ్మదేనండీ. అది అడిగిందని అమ్మ రెండోసారి మాత్ర వేసుకునే పోయింది. ఇంకే ఇంట్లోనూ అలా జరగకూడదని నాన్న మీ దగ్గరికి రావడం మొదలుపెట్టింది ఆ తర్వాతే."