చున్నీ కింద దీపం

ఈ రోజుల్లో కౌన్సెలింగ్ కేంద్రాల్లో ప్రతి కుర్చీ ముందూ ఒక దీపం ఉంటోంది. తనను వదిలేస్తారేమోనన్న భయం రేగితే ఆ మనిషి దీపం ఎర్రబడుతుంది.

ట్రైనీ కౌన్సెలర్ మైథిలికి ఆమె నిన్నటి సెషన్ వీడియోను సూపర్‌వైజర్ తబస్సుమ్ చూపిస్తోంది.

"ఇప్పుడు బాగానే ఉందండి. ఇంక రానండి," అంది తెరమీద, కౌన్సెలింగ్‌కి వస్తున్న సత్యవేణి. ఆమె దీపం ఆకుపచ్చగానే ఉంది. మైథిలిదే ఎర్రగా భగ్గుమంది.

"అప్పుడే మానేస్తే ఎలాగండీ? మళ్లీ మొదటికొస్తుంది!" అని తెరమీద మైథిలి ఆమెను బెదరగొట్టింది.

తబస్సుమ్ వీడియో ఆపింది. "ఆ భయం ఎవరిదమ్మా?"

"నాదే మేడం." మైథిలి తలెత్తలేకపోయింది. "ఫోన్ చేసి, రానక్కర్లేదని ఆవిడకి చెప్పేస్తాను."

"మంచిది. నువ్వు కూడా ఇక ప్రతి వారం నా దగ్గరికి రానక్కర్లేదులే. నెలకోసారి చాలు."

"అలాగే మేడం," అని నవ్వబోయిన మైథిలి, గబుక్కున తన తెల్ల చున్నీని ముందున్న దీపం మీద కప్పేసింది.

చున్నీ కూడా ఎర్రబడింది.