ఇంటికి ఎనిమిది పెట్టెలు

"ఎనిమిదా?" వరహాలరావు పెన్సిలు ఆగిపోయింది. "నీ ఇంట్లో ఉన్నవి మూడు కుండలు, రెండు గొంగళ్ళు. వాటికి ఎనిమిది పెట్టెలా సోములమ్మా?"

"ఎనిమిదే బాబూ. మూతలున్నయ్యే కావాల. సీలిన సెక్కల మూతలు ఒద్దు," అంది సోములమ్మ.

వరహాలరావుకి ఒళ్ళు మండింది. అతను డ్యాము పునరావాసం ఆఫీసులో గుమాస్తా. వానలు పడేలోగా పనసగుడలోని ఇరవై మూడు కుటుంబాలనీ కొండ దిగువ కట్టిన కాలనీకి చేర్చాలి. సామాన్లు సర్దుకోడానికి, డ్యాము యంత్రాల భాగాలు వచ్చిన చెక్కపెట్టెలు ఇస్తారు. దించాక వాటిని లెక్కగా స్టోరులో అప్పగించాలి. ఒక్కటి తగ్గినా సంజాయిషీ రాసుకోవాల్సింది తనే.

పైగా ఇల్లు మారడం గురించి అతనికి ఒకరు చెప్పాలా! తొమ్మిదేళ్ళ నౌకరీలో ఏడు బదిలీలు. సీతంపేట నుంచి కొయ్యూరు వచ్చినప్పుడు భార్య రత్నాలు పోపుడబ్బా దగ్గర్నుంచి దేవుడి పటాల దాకా ఆరే పెట్టెల్లో సర్దేసింది. ఆ అనుభవం మీద అతనో సూత్రం కట్టుకున్నాడు. మనిషికో పెట్టె, వంటకొకటి. సోములమ్మ, కొడుకు బుధు, కోడలు. ముగ్గురికి మూడు, వంటకొకటి.

"నాలుగు," అన్నాడు.

"ఎనిమిది."

"ఏం పెడతావు వాటిలో?"

"అది నీకేటి బాబూ? నా కోడలికి నెలలు నిండిపోనాయి. ఎనిమిది నేకపోతే అది లారీ ఎక్కదు."

"పురిటికీ పెట్టెలకీ ఏమిటి సంబంధం?"

సోములమ్మ నమూనాకి తెచ్చిన పెట్టె మూత మీద మోచెయ్యి ఆనించి కొలిచింది. మూర పొడవు, జానా బెత్తెడు వెడల్పు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుని మళ్ళీ ఎనిమిదే అంది.

ఈ ముసలమ్మతో మొదట్నుంచీ ఇంతే. ముందు వాసాలు, తడికెలు, కోళ్ళగూడు అన్నీ లారీలో వేసుకుంటామంది. అది అడవిశాఖ సరుకు, వెదురుపుల్ల కదిలినా కేసు రాస్తారని వరహాలరావు కసిరాడు.

"పక్కా ఇళ్ళు కట్టించాం మీకు. ఈ చెత్తెందుకు? అన్నీ పూర్తయినట్టు సంతకం పెట్టిందే నేను!"

"నువ్వెల్లి సూసినావా బాబూ?"

"చూడ్డమెందుకు? ఆఫీసులో కాగితాలున్నాయి."

సోములమ్మ మాత్రం కొడుకుని వెంటబెట్టుకుని వెళ్ళి కాలనీ చూసొచ్చింది. ఆ తర్వాత రెండుసార్లు ఆఫీసుకొచ్చి పొద్దుగూకేదాకా వరండాలో కూర్చుంది. అర్జీ రాయించుకు రమ్మని అతనే పంపేశాడు. రాయించుకు రాలేదు. ఇప్పుడేమో పెట్టెలట!

పక్క గుడిసె పైడయ్యది. ఒంటరి మనిషి. ఒక గొంగళి, ఒక గొడ్డలి, పొగాకు సంచి. సూత్రం ప్రకారం రెండు.

"ఎనిమిదియ్యండి బాబూ," అన్నాడు పైడయ్య.

వరహాలరావు పళ్ళు నూరుకుంటూ చిన్నమ్మి గుడిసెకి వెళ్ళాడు. ఆ ఇంట్లో తొమ్మిదిమంది. "నీకు పది," అన్నాడు.

"పదెందుకు బాబూ? ఎనిమిది సాలు."

అప్పుడు తిక్క రేగింది వరహాలరావుకి. పది ఇస్తానంటే వద్దంటుందా! ఒంటిగాడికీ ఎనిమిదే, తొమ్మిదిమందికీ ఎనిమిదేనా! జి.మాడుగుల సంతలో ఎవడో వీళ్ళకి నూరిపోశాడు. పెట్టెలు దాచేసి అమ్ముకోడానికే ఇదంతా. పోనీ కదా అని పక్కా ఇళ్ళిస్తే, సర్కారుకే టోపీ వేస్తారా?

కానీ ఏం చేస్తాడు? ఇస్తే స్టోర్‌కీపరు ఊరుకోడు, ఇవ్వకపోతే ఊరు కదలదు. ఎక్కమంటే ఎద్దుకు కోపం, దిగమంటే కుంటికి కోపం. చివరికి నూట ఎనభై నాలుగు పెట్టెలకీ వేలిముద్రలు వేయించుకుని పంచాడు.

లారీ ఎక్కించేటప్పుడు సోములమ్మ పెట్టెలు తనే ఎత్తి చూశాడు. రెండింట్లో కుండలున్నాయి. ఆరు ఖాళీ!

"ఖాళీ పెట్టెలు మోయించడానికా నన్నింత సతాయించావు? సిగ్గులేదూ?"

"నా కోడలు కూకుంది, బేగి బండి తియ్యి బాబూ," అంది సోములమ్మ.

కడపటి లారీలో అతను కాలనీ చేరేసరికి ఊరంతా సుత్తి దెబ్బలే. కుండలు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. ఎవరికీ వాటి గొడవే లేదు. ఎక్కడ చూసినా మూతలూడిన పెట్టెలు. బుధు ఎనిమిది మూతల్నీ రెండేసి చొప్పున నాలుగు వరసలు పేర్చి, అడ్డబద్దలు వేసి మేకులు దిగ్గొడుతున్నాడు.

"ఆపండి! సర్కారు సొత్తు పీకి మంచాలు చేసుకుంటారా? దొంగల్లారా! కేసు పెట్టిస్తాను!"

"పెట్టెలు అట్టుకెళిపో బాబూ, ఒక్కటీ తగ్గదు," అంది సోములమ్మ నెమ్మదిగా. "మూతలే మాకు కావాల."

"ఎందుకు? ఏం చేసుకోడానికి?"

"సంతకం ఎట్టినోడివి, నీకు తెలీదేటి?" ముసలమ్మ గొంతు మొదటిసారి పెరిగింది. "ఇది ఎలుగొడ్లు తిరిగే సోటు. నా కోడలు ఇయ్యాలో రేపో కంటాది. రెండుసార్లొచ్చి మీ అరుగు మీద కూకున్నాను. ఏటని అడిగినావా?"

ఆమె చెయ్యి చాపిన వైపు వరహాలరావు తల తిప్పాడు. వెల్ల వేసిన ఇళ్ళు, ఇరవై మూడు, వరసగా ఉన్నాయి.

ఒక్క ఇంటికీ తలుపు లేదు.