ఈజిప్టు బిడ్డకు గటక

పట్నం మ్యూజియంలో గుడ్డ చుట్టిన ఈజిప్టు పిల్ల శవాన్ని చూసి సుక్కమ్మ మనసు కరిగింది. నైలు నది ఒడ్డువాళ్లు పోయినవాళ్లకు కూడా రొట్టెలు పెట్టేవారని అక్కడి జవాను చెప్పాడు. మరి ఇక్కడ పెట్టే దిక్కెవరు? చుట్టాలింటి నుంచి బయల్దేరినట్టే, "పోయొస్తం బిడ్డా. ఆకలైతే మా ఊరు పానగల్ల మంద కాడికి రా" అని చెప్పి వచ్చింది.

ఊరు చేరిన రాత్రే గొర్రెలన్నీ నెమరు ఆపి తడక వైపు తిరిగాయి. కుక్క మొరగలేదు, తోక ఊపింది. తడక అవతల ఎండు గుడ్డ నేలమీద ఈడ్చుకొస్తున్న చప్పుడు.

"ఎవలే గది?" మొగుడు గుర్వయ్య గొంగడి ముసుగేశాడు.

"నేనే రమ్మన్న." సుక్కమ్మ నవ్వుతూ ఇంకో గిన్నెలో వేడి జొన్న గటక పెట్టింది. "కాళ్లు కడుక్కొని రా బిడ్డా."

తడక బయట చెంబులోంచి నీళ్లు మెల్లగా ఒలికాయి.