శనివారం వంతు

"ఆగండి! ఆగండి!"

కదిలిపోతున్న చిన్న బస్సు వెంట సూట్‌కేసు ఈడ్చుకుంటూ పరుగెత్తారు రాజ్యశ్రీ, ఆమె తమ్ముడు శశికాంత్.

బస్సు ఆగింది. తెల్ల మీసాల డ్రైవరు దిగి, సూట్‌కేసు తానే ఎత్తి లోపల పెట్టాడు.

"రైలు ఆలస్యమైతే మీ తప్పేముంది? ఎక్కండి" అన్నాడు జర్మన్‌లో.

రాజ్యశ్రీది జగిత్యాల. బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద వచ్చి మూడేళ్ళుగా ఇంగోల్‌స్టాట్‌లో ఇంజనీరు. శశికాంత్ హానోవర్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. సెలవులకు వచ్చిన తమ్ముడికి ఓ జర్మన్ పల్లె చూపిద్దామని బయలుదేరింది.

"ఈ బస్సు ఎవరిది?" అని అడిగింది.

"మా ఊరిది. ఎక్కేవాళ్ళు లేరని పాత బస్సు ఆపేశారు. ఊళ్ళో హోటలూ మూతపడింది. ఇక ఎవరొస్తారు మా ఊరికి? అందుకే అందరం కలిసి బస్సు కొన్నాం, హోటలు తెరిచాం. జీతగాళ్ళు లేరు. ఇంటికో వంతు. శనివారం బస్సు నాది."

వాళ్ళను హోటలు ముందు దింపి, మళ్ళీ స్టేషనుకు బస్సు తిప్పాడు.

హోటలంతా సందడి. వంటింటి గుమ్మంలో ఏప్రాన్ కట్టుకున్న వాల్‌బుర్గా అనే ఆవిడ ఎదురొచ్చింది. ఆ వారం వంట వంతు ఆమెది.

"గది సిద్ధంగా ఉంది. కానీ మూడింటికి పెళ్ళి. మా ఊళ్ళో పదేళ్ళ తర్వాత ఇదే! పెళ్ళికూతురికి అరవై రెండు. భోజనాలన్నీ ఇక్కడే, చేతులే చాలడం లేదు. మీకు ఉల్లిపాయలు తరగడం వచ్చా?"

శశికాంత్ ముఖం మాడ్చుకున్నాడు.

"పైసలిచ్చి వచ్చి ఉల్లిగడ్డలు కోసుడేందక్కా?"

"ఇంట్ల కోస్తలేవా?"

"ఇంట్ల నువ్వే కోస్తవు గదా!"

రాజ్యశ్రీ నవ్వి కత్తి అందించింది.

కాసేపటికి, తమ్ముడి కోసం తెచ్చిన శనగపిండి ప్యాకెట్టు సూట్‌కేసులోంచి తీసింది. నూనె కాగింది. పకోడీల వాసనకు వంటింట్లో ఆడవాళ్ళంతా పొయ్యి చుట్టూ చేరారు.

"పకోరీ" అంది ఓ అవ్వ.

"రీ కాదు, డీ!" శశికాంత్ దిద్దాడు.

"పకోడీ!" అందరూ ఒక్కసారిగా అరిచి పకపకా నవ్వారు. కళ్ళు తుడుచుకుంటూ అతనూ నవ్వాడు. ఉల్లిగడ్డల మీద కోపం ఎప్పుడో పోయింది.

అంతలో వెనక తలుపు దగ్గర డ్రైవరు.

"ఒకటి రుచి చూడొచ్చా?"

శశికాంత్ పళ్ళెం వెనక్కి లాక్కున్నాడు.

"ఇవి పెళ్ళివాళ్ళకు. మిగిలితే చూద్దాం."

"న్యాయమే. నాకింకా ఒక ట్రిప్పుంది" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

అతను అటు పోగానే ఇటు నల్లసూటు పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. కోటుకు గులాబీ. శశికాంత్ పళ్ళెం నిండా పకోడీలు పేర్చి రెండు చేతులా అందించాడు.

"పెళ్ళికొడుక్కే మొదటి పళ్ళెం!"

ఆయన ఏదో చెప్పబోయాడు. నోటి నిండా పకోడీ. చెయ్యి ఊపి, పళ్ళెంతో సహా వెళ్ళిపోయాడు.

మూడయింది. చర్చి గంట మోగింది. నీలం గౌనులో పెళ్ళికూతురు చర్చి మెట్ల మీద నిలబడి రోడ్డు వైపే చూస్తోంది. ఊరంతా అక్కడే ఉంది. అయినా ఎవరూ కదలరు.

"ఇంకా మొదలుపెట్టరేం?" అని అడిగింది రాజ్యశ్రీ.

"బస్సు రాకుండా ఈ పెళ్ళి ఎలా జరుగుతుంది?" అంది వాల్‌బుర్గా.

"ఆ డ్రైవరుకు టైం తెల్వదక్కా. ఇయ్యాల వేరేటోన్ని పంపొచ్చు గదా" విసుక్కున్నాడు శశికాంత్.

రాజ్యశ్రీ ఆ మాట జర్మన్‌లో చెప్పింది.

"మేమూ అదే అన్నాం. వంతంటే వంతే అన్నాడు" అంది వాల్‌బుర్గా నవ్వుతూ.

మలుపులో హారన్ వినిపించింది. జనం చప్పట్లు కొట్టారు. బ్యాండు మోగింది.

బస్సులోంచి చుట్టాలు దిగారు, పిల్లలు దిగారు. చివరి అవ్వను చెయ్యి పట్టుకుని దింపాక, డ్రైవరు బస్సు తాళాలు వాల్‌బుర్గా చేతిలో పెట్టి, మెట్లెక్కి, పెళ్ళికొడుకుగా పెళ్ళికూతురి పక్కన నిలబడ్డాడు.