సారవ దిగినవాడు

"ఈ మందు ఎక్కించాక వెనక్కి మళ్లడం ఉండదమ్మా," అన్నాడు డాక్టరు. "నేరుగా మీ ఎముకల మూలుగలోకి చేరి, రేడియేషన్‌తో దాన్ని చంపేస్తుంది. తర్వాత మీ తమ్ముడి మూలకణాలు ఎక్కిస్తేనే కొత్త రక్తం పుట్టేది. మొదలుపెట్టమంటారా?"

టైలరమ్మ గోడ వంక చూసింది. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టిన రక్తపు క్యాన్సర్ ఆమెలో భయాన్ని కూడా మిగల్చలేదు. వద్దని చెప్పి ఇంటికి పోదామని పొద్దున్నే అనుకుంది.

"వీణ్ణి నమ్ముకుంటే నట్టేట మునిగినట్టే," అంది. "నడుముకి తాడైనా కట్టుకోకుండా సారవ కర్రలెక్కి మేడలకి రంగులేస్తాడు."

గుమ్మంలో నిలబడ్డ తమ్ముడు గొంతు సవరించుకున్నాడు.

"సారవ ఎక్కడం మానేశానక్కా."

"ఎప్పుడు?"

"నా కణాలు నీకు సరిపోతాయని తెలిసిన రోజే. ఇప్పుడు కింద గదుల్లోనే పని. మావాళ్లు పిరికిపంద అంటున్నారు."

"నీకు భయమేంట్రా?"

"నా ఒక్కడి ప్రాణమైతే భయమెందుకు? ఇప్పుడు నేను పడితే ఇద్దరం పోతాం. రోడ్డు దాటాలన్నా ముసలాడిలా అటూ ఇటూ చూస్తున్నా."

ఆమెకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఎవరి మాటా వినని ఈ మొండివాడు, ఎవరూ అడగకుండానే ఆమె ప్రాణాన్ని మోసుకు తిరుగుతున్నాడు. తనేమో దాన్ని ఎక్కడ దించేద్దామా అని చూస్తోంది.

చెయ్యి డాక్టరు వైపు చాపింది.

"కానివ్వండి."

"ఒంట్లో రేడియేషన్ ఉన్నన్నాళ్లు ఎవరూ దగ్గరికి రాకూడదు," అంటూ డాక్టరు తమ్ముణ్ణి బయటికి పంపబోయాడు.

"ఒరేయ్," అని పిలిచింది ఆమె. "మెల్లగా వెళ్లు."