మరక లేని అంచు

ఈ ఇన్నింగ్స్‌లో యాభై కొడితే వచ్చే సీజన్‌కీ కెల్విన్‌కి జట్టులో చోటు ఖాయమన్నారు సెలెక్టర్లు.

నలభై ఒకటి దగ్గర కీపర్ క్యాచంటూ ఎగిరాడు. అంపైర్ వేలెత్తలేదు. అయినా కెల్విన్ బ్యాటు చంకన పెట్టుకుని, తనంతట తానే మైదానం వదిలేశాడు.

"సలామ్ భయ్యా!" అంటూ అతని నిజాయితీకి అవతలి జట్టు కూడా చప్పట్లు కొట్టింది.

ఫరీదాబాద్ ఇంట్లో భార్య పెర్సిస్, పదిహేనేళ్ల అలవాటుగా, బ్యాటు మీద బంతి వదిలిన ఎర్ర మరకలు రుద్దడానికి ఉప్పుకాగితం అందుకుంది. అంచులు రెండూ తిప్పి చూసింది. అక్కడ ఒక్క మరకా లేదు.

"బంతి తగల్లేదు కదండీ? మరెందుకు వచ్చేశారు?"

కెల్విన్ వాచిన మోకాలి మీద ఐసు ముక్కల సంచి సర్దుకున్నాడు.

"ఇంకో తొమ్మిది కొట్టుంటే మళ్లీ ఏడాదంతా ఆడించేవాళ్లు, పెర్సిస్."