గవర్రాజు పెట్టిన పరీక్ష

గుండెకు స్టెంటు వేసినప్పటి నుంచి గవర్రాజు వంటింటి గోడమీది డబ్బాలో రోజూ వేలు పెడుతున్నాడు. అది చుక్క రక్తం తీసుకుని, గడ్డకట్టకుండా ఆ రోజుకు ఎంత మందు కావాలో అంతే కలిపి మాత్ర చేసిస్తుంది. ఊళ్లో గుండెజబ్బు ఉన్న ప్రతి ఇంట్లోనూ అలాంటిదే ఉంది. అయినా అతనికి మూడేళ్లుగా దానిమీద అనుమానమే.

ఆదివారం భార్య సత్యవేణి కోడిమాంసం కడుగుతుంటే, ఆ నెత్తురు చుక్క తీసి డబ్బాలో వేశాడు.

“గవర్రాజు గారూ, నిన్నటికన్నా మెరుగ్గా ఉన్నారు,” అంటూ డబ్బా మాత్ర రాల్చింది.

“చూశావా! అంతా మోసం!”

“అయితే అవతల పారేయండి,” అంది సత్యవేణి.

మాత్ర పట్టుకుని చెత్తబుట్ట దాకా వెళ్లి ఆగిపోయాడు గవర్రాజు.

“మానేస్తే రక్తం గడ్డకడుతుందేమోనే!”

కోడికి చేసిన మాత్రను నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు.